రాజలింగానికి విస్తరి

పెద్దలకు బువ్వ పెట్టే పెత్రమాస పొద్దున మబ్బు ఇళ్ల మీదికి దిగి, చినుకు రాల్చకుండా నిలిచింది. లసుమవ్వ బోటికూర వండుకుని, మొగుడు రాజలింగం సమాధి ఉన్న కూడలికి వచ్చింది. మా మాటను పాటల్లోకి, బడిలోకి తెచ్చిన మనిషి ఆయన.

ఇప్పుడు ప్రతి ఊళ్లో పోయిన ఓ నాయకుడి వెలుగుబొమ్మ, వెలుతురుతో అల్లిన రూపం, మాట్లాడుతుంది. మా ఊళ్లో రాజలింగం బొమ్మను ఆయన సమాధి మీదే నిలిపారు. బొమ్మ ఉన్న నాయకుడు చనిపోయినట్టు కాదని చట్టం. ఆయనకు పెత్రమాస చెయ్యకూడదు.

బొమ్మకు కాపలా ఉండే సర్కారు మేడం అడ్డం వచ్చింది. "అమ్మా, ఆయన బతికే ఉన్నారు. వినండి."

"లక్ష్మీ, నేను మాంసం మానేశాను," అంది బొమ్మ.

లసుమవ్వ పకపకా నవ్వింది. "ఓ బిడ్డా, నా పెనిమిటి నన్ను ఎన్నడన్న లక్ష్మీ అన్నడా? 'ఏమే లసుమీ' అంటే వాడకట్టంత ఉలిక్కిపడుతుండె. బోటి వద్దన్నడంటే జరమొచ్చినట్టే."

"కేసవుతుందమ్మా."

"కానియ్యి. సచ్చినోనికి నేను పెట్టకుంటే నువ్వు పెడ్తవా?"

ఆమె పెద్దలకని నేల మీద కల్లు సాక పోసి, బొమ్మ కాళ్ల దగ్గర విస్తరి వేసింది. ఆమె వెంట వచ్చిన ఊరివాళ్లమంతా చుట్టూ విస్తర్లు వేసుకుని కూచున్నాం.

"అందరూ బాగున్నారా?" అని బొమ్మ అడిగింది.

ఊరివాళ్లలో బదులు చెప్పేవాళ్లు లేకపోతే అది దానంతటదే ఆరిపోతుంది. మేం ఒక్కరం కూడా పలకలేదు. మేడం కంగారుగా మా ముఖాలు చూసింది. ముందు బొమ్మ కాళ్లు పోయాయి, తర్వాత ముఖం పోయింది. కింద సమాధి బయటపడింది.

మేము తింటూనే ఉన్నాం.