మాట ముందు, నోరు వెనక

"మళ్ళా తేడా వచ్చిందప్పా," అంటూ నారాయణ పెన్‌డ్రైవును బల్ల మీద పెట్టాడు. "మాట ముందర పోతాండాదంట, నోరు ఎనకాల కదులుతాండాదంట. పొద్దున్నే తరిమింది మా ఇంటామె, పోయి చేపిచ్చుకోని రాపో అని."

వీరేష్ తల పట్టుకున్నాడు. రాయదుర్గం బస్టాండు పక్కన పదకొండేళ్ళుగా పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేస్తున్నవాడు, ఇంత మొండి ఫైలును ఎన్నడూ చూడలేదు. మొదటిసారి టీవీలో బొమ్మే రాలేదన్నారు. ఫోన్ ఫార్మాటు ఆ పాత టీవీకి ఎక్కదని మార్చి ఇచ్చాడు. రెండోసారి బొమ్మ వచ్చింది, మాట రాలేదు. ఆడియోను ఇంకో రకంలోకి మార్చాడు. అంతవరకూ న్యాయమే. ఆ తర్వాత శబ్దం తక్కువ అన్నారు, బొమ్మ ఎర్రగా ఉంది అన్నారు, ఇప్పుడేమో నోటి గొడవ. పట్టిన దయ్యమైనా వదులుతుందేమో గానీ ఈ పెన్‌డ్రైవు వదిలేలా లేదు.

అయినా ఆ పెద్దాయనను కసురుకోబుద్ధి కాదు. గుమ్మఘట్ట అవతల పల్లె నుంచి బస్సులో పడి వస్తాడు. వచ్చిన ప్రతిసారీ నున్నగా గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకు బయల్దేరినట్టు ఉంటాడు. భార్య ఓబులమ్మకు పక్షవాతం, మంచం దిగలేదు. బెంగళూరులో పని చేసే కొడుకు సందీప్ పంపే వీడియోలే ఆమె ప్రాణమని మొదటి రోజే చెప్పాడు.

"ఫోన్లో సెకనుకు ఇన్ని బొమ్మలని లెక్క ఉండదు పెద్దాయనా. ఒగసారి ముప్పై వస్తాయి, ఒగసారి ఇరవై. దాన్ని సమం చేస్తే మాట దారికొస్తాది. కూర్చో."

సమం చేశాడు. దారికి రాలేదు. మాటను అర సెకను వెనక్కి జరిపాడు. మొదట కుదిరినట్టే కుదిరి మధ్యలో జారిపోయింది. ఇక లాభం లేదని హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కొక్క మాటే పట్టి చూశాడు.

"అమ్మా, ఎట్లుండావు? మాత్రలు ఏసుకుంటాండావా?"

అమ్మా అంటే ఎవరి పెదవులైనా ఒకసారి మూసుకోవాల్సిందే కదా! బొమ్మలో సందీప్ పెదవులు తెరిచే ఉన్నాయి. ఎక్కడికి జరిపినా అంతే. పైగా ఆ మాట వెనక మేక అరిచింది. బొమ్మలో చూస్తే చుట్టూ మేడలూ కార్లూ. ఆ తర్వాత చిన్న పొడిదగ్గు.

వీరేష్ హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు. సరిగ్గా అదే దగ్గు వెనక కుర్చీలోంచి వినిపించింది.

"పెద్దాయనా, ఈ మాట్లాడేది సందీప్ కాదు. నువ్వు."

నారాయణ లేచి అంగడి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఉగాదికి ముందే పోయినాడప్పా వాడు. బండి మీద ఊరికొస్తాంటే లారీ గుద్దింది. మా ఇంటామె అప్పుడు ఆస్పత్రిలో తెలివి లేకుండా పడుండె. మేమే మన్ను చేసి వస్తిమి. ఈ మాట చెవిన పడితే గుండె తట్టుకోదని డాక్టరు చెప్పినాడు. వానిదీ నాదీ ఒగే గొంతు. ఫోన్లో చుట్టాలు కూడా ఎవరు ఎవరో తెలీక తికమక పడుతుండ్రి. వాని పాత వీడియోలకు నా మాట పెట్టి పక్కింటి సుష్మ చేసిస్తాది. ఊర్లో అందురికీ చెప్పి పెట్టినా, ఎవురూ నోరు జారద్దని."

వీరేష్‌కు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఫైలును తిట్టుకున్నందుకు సిగ్గేసింది. ఆ మధ్యాహ్నం చేతిలో ఉన్న పెళ్ళి పని పక్కన పడేసి, నారాయణ మాటలను ముక్కలు ముక్కలుగా కోసి, పిల్లవాడి పెదవులు మూసుకున్న చోటల్లా ఒక్కొక్క ముక్కా అతికించాడు. మేకను తీసేశాడు. దగ్గును తీసేశాడు. నాలుగింటికి సందీప్ నిజంగానే నోరు తెరిచి తల్లిని పలకరించాడు.

"నువ్వే వచ్చి పెట్టియ్యప్పా. నా చేతిలో మళ్ళా చెడిపోతాది," అన్నాడు నారాయణ కళ్ళు తుడుచుకుంటూ.

బైకు మీద ఇద్దరూ పోయారు. దారి పొడుగునా జానెడు కూడా ఎదగని శెనగచెట్లు ఎండి పడుకుని ఉన్నాయి.

వీడియో అయ్యేదాకా ఓబులమ్మ రెప్ప వేయలేదు.

"కుదిరిందా మే?" అన్నాడు నారాయణ.

"కుదిరింది," అన్నదామె. ముఖంలో సంతోషం మాత్రం లేదు.

నారాయణ పొంగిపోయి, వచ్చిన పిల్లవానికి మజ్జిగ తెస్తానని పక్కింటికి పోయాడు. అతను గడప దాటగానే ఓబులమ్మ కదిలే చేత్తో వీరేష్ మణికట్టు పట్టుకుంది.

"ఏమి నాయనా, ఇంత బాగా చేసేసినావు?"

"నీ కోసమేనమ్మా."

"ఇంగ నేను ఏమని వంక పెట్టేది? నీ అంగడికి వచ్చే దినమే ఆయప్ప గడ్డం గీసుకుంటాడు, ఇంత సంగటి తింటాడు. తక్కిన దినాలు ఆ ఎండిపోయిన బోరుకాడ పొద్దుగూకేదాకా ఒగడే కూర్చోనుంటాడు. నాకు భయమయితాది. పోయి పిల్చుకొచ్చేదానికి నాకు కాలు ఆడదు. యాడన్నా ఒగ తప్పు పెట్టియ్యి నాయనా, నీకు పుణ్యముంటాది."

వీరేష్ గతుక్కుమన్నాడు. ఎవరూ నోరు జారొద్దని నారాయణ అన్నది గుర్తొచ్చి అబద్ధాన్నే పట్టుకుని వేలాడాడు. "తప్పు పెడితే నీ కొడుకు గొంతు చెడిపోతాది కదమ్మా?"

ఓబులమ్మ టీవీలో ఆగిపోయిన సందీప్ ముఖాన్నే చూస్తూ ఉంది.

"ఆ గొంతు నా మొగునిది నాయనా."