నీళ్ళలో లోపం

ఆ ఉదయం కూడా డాక్టరుగారు సముద్రాన్ని బకెట్లలోకి తోడి బాత్రూములో పారబోశారు.

"మళ్ళీ ఆకుపచ్చే," అన్నారు, పరీక్షించిన గాజుగొట్టాన్ని కిటికీలో పెడుతూ.

ఆకుపచ్చ అంటే అమ్మోనియా. అమ్మోనియా అంటే చేపలకు విషం. నీళ్ళు బాగుంటే, మందు చుక్కలు వేశాక పసుపు రావాలి. ఉప్పునీళ్ళ తొట్టి ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచీ ఒక్కరోజూ ఆ పసుపు రాలేదు.

తొట్టిలో రెండు చేపలు. నారింజ రంగు ఒంటిమీద తెల్ల చారలు. పొద్దున్నే ఇల్లాలు కాఫీ పట్టుకుని ఎదురుగా కూర్చుంటే, చిన్నది అద్దానికి మూతి ఆనించి ఆవిడనే చూసేది. పెళ్ళయ్యాక తన మాట మధ్యలో లేచిపోకుండా విన్న మొదటి ప్రాణి అదేనని ఆవిడ లెక్క. ఇప్పుడది రాయి చాటునుంచి కదలడం మానేసింది.

ఇంట్లో దోషి కోసం వేట మొదలైంది. తొలి అనుమానం వంటింటి పొగమీద. బాణలి అటకెక్కింది. తర్వాత గిన్నెల సబ్బు. ఆ తర్వాత మరిది సెంటు. చివరికి నేరం అత్తగారి దగ్గుమీద పడింది. ఆవిడ కుర్చీని గుమ్మం అవతల వేశారు.

"ఒరే, చేపకి పూటపూటా నీళ్ళు మారుస్తున్నావు. నా చెంబులో నీళ్ళు నిన్నటివిరా," అంది అత్తగారు అక్కణ్ణుంచే.

నీళ్ళు మారుతూనే ఉన్నాయి. ఇంట్లో ఎక్కడ అడుగేసినా కాలికింద ఉప్పు కరకరలాడుతోంది. ఆ గొట్టం ఓసారి నేనూ చూస్తానని ఇల్లాలు అడిగితే డాక్టరుగారు ముట్టుకోనివ్వలేదు.

"లోపం పట్టడం నా వృత్తి. నువ్వు కూరలో ఉప్పు చూసుకో. సముద్రంలో ఉప్పు నేను చూసుకుంటా."

ఆవిడ ఊరుకుంది. పండు టమాటాలు తెమ్మంటే ఏరి ఏరి పచ్చికాయలు తెచ్చే మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసింది. ఊరుకోవడంలో ఆవిడది అందె వేసిన చెయ్యి.

కానీ ఈవేళ ఆయన తీర్పు కూడా చెప్పేశారు. సాయంత్రం చేపలమ్మిన షాపతను వచ్చి వాటిని వెనక్కి పట్టుకుపోతాడు. వాటిని చంపిన పాపం తనకొద్దంటూ మెట్లు దిగి, కింద క్లినిక్‌లోకి వెళ్ళిపోయారు.

ఇల్లాలు ఈసారి ఊరుకోలేదు. షాపతనికి ఫోన్ చేసింది. రోజూ నీళ్ళు మార్చేస్తున్నారని విని అతను హడలిపోయాడు. అలా కుదిపేస్తే చేపేమిటి, తిమింగలమైనా మంచం పడుతుందన్నాడు.

"అసలా రంగు మీరెప్పుడైనా చూశారా మేడమ్?"

లేదంది. అయితే చూడమన్నాడు.

తొట్టి నీళ్ళు ఓ గొట్టంలో పట్టి, మందు చుక్కలు వేసి, మూతపెట్టి ఊపి, అతను చెప్పినంతసేపూ ఆగింది. నీళ్ళు నిమ్మపండులా తేలాయి.

ఇవి పొద్దున పోసిన కొత్తనీళ్ళు కదా, అందుకేమో అనుకుంది. కిటికీలో ఆయన పరీక్షించిన పాతనీళ్ళ గొట్టం ఇంకా అలాగే ఉంది. తెచ్చి పక్కన పెట్టింది. అదీ నిమ్మపండే. తన కళ్ళమీద తనకే నమ్మకం చాలక, రెండూ తీసుకెళ్ళి అత్తగారికి చూపించింది.

అత్తగారు కళ్ళజోడు సవరించుకుంది. "రెండూ పసుపే కదే. ఇంతమాత్రానికి నన్ను గుమ్మం అవతల పెట్టాడా?"

నీళ్ళలో ఏ లోపమూ లేదు. ఏనాడూ లేదేమో కూడా. చేపలు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు.

ఇల్లాలు తొట్టి దగ్గరికొచ్చి, "బతికిపోయావే పిల్లా," అంది రాయి చాటుకి వినబడేలా. చెరో చేతిలో ఓ గొట్టం పట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి, క్లినిక్ తలుపు మోచేత్తో నెట్టింది.

లోపల ఆయన, లైసెన్సు కోసం కళ్ళ పరీక్షకొచ్చిన బస్సు డ్రైవరుకు ఎర్రచుక్కల నడుమ ఆకుపచ్చచుక్కలతో అంకె దాచిన బొమ్మ చూపించి, అతను బిక్కమొహంతో "ఇందులో నాకు ఏ అంకే కనబడట్లేదండీ" అంటే, "ఉంటే కదయ్యా కనబడ్డానికి" అని భుజం తట్టి, సర్టిఫికెట్ మీద సంతకం పెడుతున్నారు.