పాడని సభ్యుడు

వాట్సాప్ గ్రూపులో పాట పెట్టి, స్టాఫ్ రూములో బ్యాగు సర్దుకునేలోపే టీచరమ్మ ఫోను టింగుటింగుమనడం మొదలుపెట్టింది.

'కూనిరాగాలు' వాళ్ల గ్రూపు పేరు. సరదాకి పాడుకునేవాళ్లంతా తమ పాటలు రికార్డు చేసి అందులో పెడతారు. ఒకటో తరగతి టీచరమ్మ పాటంటే అక్కడందరూ చెవి కోసుకుంటారు.

"అద్భుతం!"

"అక్కా, మీ గొంతులో తేనెపట్టేమైనా ఉందా?"

ఆ పొగడ్తల మధ్య పంటికింద రాయిలా ఒక మాట.

"పల్లవి బాగుంది. కింది స్వరాల దగ్గర గొంతు చీలుతోంది. వేసవిలో పాడిన పాటల్లో ఇది లేదు."

రాసింది 'శ్రోత'. ఆ పేరుతోనే గ్రూపులో చేరాడాయన. ఒక్క పాటా పాడిన పాపాన పోలేదు. అందరివీ వింటాడు, ఎక్కడ తేడా ఉందో చెబుతాడు.

"పిల్లల మీద అరిచి అరిచి బొంగురుపోయిందండీ" అని రాసి, పక్కన ఒక నవ్వుబొమ్మ పెట్టింది టీచరమ్మ.

తర్వాతి వారం ఇంకో పాట. మళ్లీ అవే చప్పట్లు. మళ్లీ శ్రోత.

"చీలిక ఎక్కువైంది. కొన్నాళ్లు పాట ఆపండి. డాక్టరుకి గొంతు చూపించండి."

గ్రూపంతా ఒంటికాలి మీద లేచింది.

"వినలేకపోతే చెవుల్లో దూది పెట్టుకోండి మాస్టారూ!"

"ముందు మీరో పాట పాడండి, మిమ్మల్ని ఏ డాక్టరుకి చూపించాలో మేం చెబుతాం!"

అందరూ నవ్వారు. టీచరమ్మకి మాత్రం తల కొట్టేసినట్టయింది. బడి, ఇల్లు, వంట పోగా ఆమెకంటూ మిగిలింది ఆ పాట ఒక్కటే. దానికీ జబ్బు అంటగట్టాడీ మనిషి.

గ్రూపు నడిపే పెద్దక్కకి ఫోన్ చేసింది.

"ఆయనుంటే నేనుండను పెద్దక్కా."

పెద్దక్క నసిగింది. "ఆయన ఉన్నమాటే అంటాడమ్మా. కాస్త మెత్తగా అనడం చేతకాదు, అంతే."

"ఉన్నమాటా? అంటే నా గొంతు బాగోలేదనేనా?"

"అబ్బే, నిన్ననడం లేదు తల్లీ... సరే, నే చూసుకుంటాలే."

సాయంత్రానికల్లా శ్రోతని గ్రూపులోంచి తీసేశారు.

కాసేపటికి టీచరమ్మకి విడిగా ఒక మెసేజ్ వచ్చింది. "నన్ను తీసేసినా ఫర్వాలేదమ్మా. గొంతు మాత్రం చూపించుకోండి. ఆలస్యం చెయ్యకండి."

"వదిలేలా లేడు" అనుకుంటూ ఆయన్ని బ్లాక్ చేసేసింది.

పక్కనే బట్టలు ఇస్త్రీ చేస్తున్న భర్త ఇదంతా గమనించాడు.

"నిన్ను నొప్పిస్తే ఆయనకేం ఒరుగుతుంది?"

"నువ్వూ ఆయన పక్షమేనా?"

"నేనెవరి పక్షమూ కాదు. ఒకసారి చూపించేద్దాం. ఏమీ లేదని తేలితే, ఆ మాటే ఆయన మొహాన కొట్టు."

ఆ ఆలోచన ఆమెకి నచ్చింది. మొహాన కొట్టడానికే వెళ్లింది.

డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి, తెర మీద చాలాసేపు చూశాడు. నవ్వుతూ మొదలుపెట్టిన మనిషి నవ్వడం మానేశాడు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు.

ఫలితం వచ్చాక ఇద్దర్నీ కూర్చోబెట్టాడు.

"కాన్సరేనమ్మా. కానీ తొలిదశలోనే దొరికింది, నయం చెయ్యొచ్చు. ఇంకా ఆలస్యం చేసుంటే స్వరపేటికే తీసేయాల్సి వచ్చేదేమో. ఇంతకీ ఎవరు పసిగట్టారు? రోజూ వినే ఇంట్లోవాళ్లకి ఈ తేడా అంత తొందరగా తెలీదు."

భర్త తల వంచుకున్నాడు.

చికిత్స అయ్యేసరికి సగం మనిషైంది. గొంతు మాత్రం దక్కింది. బడికెళ్లి, "కూర్చోండమ్మా" అని పిల్లలకి వినబడేలా అనగలిగిన రోజున శ్రోతని బ్లాకులోంచి తీసి రాసింది.

"మీరు చెప్పకపోతే నేను లేను. నన్ను క్షమించండి."

రోజులు గడిచాయి. ఆయన చూసిన గుర్తు పడలేదు.

ఉండబట్టలేక ఆ నంబరుకే ఫోన్ చేసింది. ఎవరో అమ్మాయి ఎత్తింది.

"నాన్న ఫోనండీ ఇది. గుండెపోటొచ్చి నాన్న పోయారు. నెల దాటింది."

ఊళ్లోనే ఇల్లు. అడ్రసు అడిగి మర్నాడే వెళ్లింది. చిన్న గది. కిటికీ పక్కన వాలుకుర్చీ, దాని చేతి మీద చుట్ట చుట్టిన ఇయర్‌ఫోన్లు. తీసి దాచడానికి కూతురికి ఇంకా మనసొప్పినట్టు లేదు.

టీచరమ్మ జరిగింది దాచకుండా చెప్పింది. బ్లాక్ చేసిన సంగతితో సహా.

కూతురు కోప్పడలేదు. "మీరేనా? 'ఆ టీచరమ్మ డాక్టరు దగ్గరికెళ్లిందో లేదో' అని రోజూ అనేవారండీ" అంది.

టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. "నాన్నగారు సంగీతం మాస్టారా అమ్మా?"

"కాదండీ. బీమా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు."

"మరి డాక్టర్లకి తప్ప తెలియని తేడా, ఆయనకెలా తెలిసింది?"

కూతురు వాలుకుర్చీ వైపు చూసింది.

"అమ్మ పాడేదండీ. ఆ గొంతు చీలుతోందని అందరికన్నా ముందు విన్నదీ, చెబితే చిన్నబుచ్చుకుంటుందని ఆమె పోయేదాకా 'బాగుంది, బాగుంది' అంటూ వచ్చిందీ నాన్నే."