రెండు నెలలకొకసారి

సాంబారు గిన్నె దించబోతూ సుంకమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది.

బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక ఆఫీసు భవనం కింద, కిటికీ అన్నదే లేని క్యాంటీన్ వంటిల్లు అది.

పెద్ద వంటవాడు మునిస్వామి గరిటె పక్కన పెట్టి వచ్చాడు. ఆమె మణికట్టు పట్టుకుని ముక్కు దగ్గరికి తీసుకుని చాలాసేపు వాసన చూశాడు. తర్వాత లేపి కూర్చోబెట్టి, పొద్దున్నుంచి నీళ్ళు తాగలేదని తిట్టాడు.

తిట్టడం అతనికి అలవాటే. ఉల్లిగడ్డ లావుగా తరిగినా తిడతాడు, సన్నగా తరిగినా తిడతాడు. తెల్లవారకముందే వంటింట్లో ఉంటాడు, చీకటి పడ్డాకే బయటికి పోతాడు. ఏమీ తినడు. ఉప్పు సరిపోయిందో లేదో చూడడానికి సుంకమ్మనే పిలుస్తాడు.

సుంకమ్మకు ముప్పై నాలుగేళ్ళు. మొగుడు పోయాక పత్తికొండ నుంచి పనికి వచ్చింది. మునిస్వామి ఎవరో ఆమెకు ఏడాది కిందటే తెలిసింది. సరుకుల గదిలో స్టీలు చెంబుతో మేక నెత్తురు తాగుతూ కనిపించాడు.

అతను దాచలేదు. ప్లేగు వచ్చిన ఏడాది చావాల్సినవాణ్ణని, చావకుండా ఇలా అయ్యానని, ఎండ తగిలితే మాత్రం మిగలనని చెప్పాడు. భయమైతే పని మానుకోమన్నాడు.

"మా ఇంట్లో ఉల్లిగడ్డలేసి ఏంచుతాము," అంది సుంకమ్మ. "పచ్చిది యెట్ల తాగుతావన్నా?"

అతను నవ్వగా ఆమె చూడడం అదే మొదటిసారి. ఆ వారం నుంచే అతన్ని అన్నా అని పిలవడం మానేసింది.

కళ్ళు తిరిగి పడిపోయిన మర్నాడు అతనే అడిగాడు, మొహం పొయ్యి వైపే పెట్టి.

"నీ నెత్తురు కొంచెం ఇస్తావా?"

సుంకమ్మ ఎడమ చెయ్యి చాపింది.

అప్పటినుంచి రెండు నెలలకొకసారి, మధ్యాహ్నం భోజనాలు ముగిశాక, సరుకుల గదిలో. అతను తల ఎత్తేసరికి ఆమెకు తల తేలికయ్యేది. మొహంలో మంట తగ్గేది. ప్రేమంటే ఇట్లాగే ఉంటుందేమో అనుకునేది.

ఆ తర్వాత రెండు రోజులు అతను గోడకు ఆనుకునే వండేవాడు. దగ్గరికి పోతే కసురుకునేవాడు. సిగ్గుపడుతున్నాడనుకునేది.

అలా ఆరేళ్ళు గడిచాయి. పెళ్ళి చేసుకుందామని ఆమె ఒకసారి అడిగితే, ఎండలో నడవలేనివాడితో ఏం కాపురమని విసుక్కున్నాడు.

బొమ్మసంద్రలో బట్టల ఫ్యాక్టరీలో చేరిన చెల్లెలు మౌనిక ఒక ఆదివారం అక్కను చూడవచ్చింది. ఎడమ మణికట్టు మీద మచ్చలు చూసింది. అడిగి అడిగి చెప్పించుకుంది.

"పాలకు ఆవును కట్టేసుకున్నట్టు కట్టేసుకున్యాడు నిన్ను," అంది. "అంతేక్కా."

సుంకమ్మకు పెళ్ళి మాట గుర్తొచ్చింది.

మర్నాడు వంటింట్లోకి అడుగుపెడుతూనే అడిగింది.

"నీకు నేను కావల్లా, నా నెత్తురు కావల్లా?"

మునిస్వామి బాణలి మీంచి చూపు తిప్పలేదు.

"నాకేమీ వద్దు. రెండు నెలలకొకసారి ఎవరికైనా ఇచ్చెయ్. ఆస్పత్రిలో ఇయ్యి, లేదంటే మోరీలో పారబొయ్యి. ఒంట్లో పెట్టుకోవద్దు."

ఆరేళ్ళు చెయ్యి చాపినందుకు దక్కిన మాట అది. ఎందుకని ఆమె అడగలేదు. ఇక మొహం చూపించవద్దని చెప్పి వచ్చేసింది. మౌనిక పనిచేసే ఫ్యాక్టరీలోనే చేరి, అక్కడి లేడీస్ హాస్టల్‌లో ఉంది. చీకటి పడితే ఆ గేటు మూసేస్తారు. మగవాళ్ళను రానివ్వరు.

రెండు నెలలు గడిచాయి. ఏప్రిల్ మధ్యాహ్నం, ఫ్యాక్టరీ గేటు కాపలా మల్లికార్జున్ ఆమె మిషను దగ్గరికి వచ్చాడు. తలనుంచి కాళ్ళదాకా తడి గోనెసంచులు చుట్టుకున్న మనిషెవరో బయట నిలబడ్డాడని, ఒక్కసారి వచ్చి చెయ్యి ఇచ్చి పొమ్మంటున్నాడని చెప్పాడు.

ఇంత దాహమా అనుకుంది సుంకమ్మ. రానని చెప్పమంది.

మూడింటికి మల్లికార్జున్ మళ్ళీ వచ్చాడు. ఆ మనిషి ఎటు పోయాడో కనిపించలేదట. సంచులు ఎండిపోయి కింద పడున్నాయట. వాటిలో బూడిద ఉంటే ఊడ్పించేశాడట.

సుంకమ్మ మిషను ఆపలేదు. కుట్టు వంకరపోయింది. సూపర్‌వైజరు వచ్చి, విప్పి మళ్ళీ కుట్టమన్నాడు.

తర్వాత తలనొప్పులు మొదలయ్యాయి. కళ్ళు ఎర్రబడేవి. వేణ్ణీళ్ళు పోసుకుంటే ఒళ్ళంతా దురద. ఏడ్చి ఏడ్చి ఇట్లా అయిందనుకుంది మౌనిక. మూడో నెలలో ఒక పొద్దున సుంకమ్మ కుడి చెయ్యి లేవలేదు. మూతి పక్కకు పోయింది.

ఆస్పత్రిలో డాక్టర్ లావణ్య రిపోర్టులన్నీ చూసింది. ఎముకల్లో మూలుగ అవసరానికి మించి నెత్తురు తయారుచేస్తోందని, అది చిక్కబడి మెదడులో గడ్డకట్టిందని, చెయ్యి మునుపటిలా రావడం కష్టమని మౌనికకు చెప్పింది. ఇది ఇప్పటి జబ్బు కాదు, ఏళ్ళనాటిదంది. ఇన్నాళ్ళూ ఏ మందు వాడారని అడిగింది.

మందులేమీ లేవంది మౌనిక. ఇక దాచలేక, ఒకతను రెండు నెలలకొకసారి అక్క నెత్తురు తీసేవాడని, తామే మాన్పించామని చెప్పింది.

డాక్టరు రిపోర్టులు పక్కన పెట్టింది. తర్వాత మంచం దగ్గరికి వచ్చింది.

"ఈ జబ్బుకు మొదటి ట్రీట్‌మెంటే అదమ్మా. ఒంట్లో ఎక్కువైన నెత్తురు తీసెయ్యడం. అట్లా తియ్యకపోయుంటే నువ్వు ఎప్పుడో పోయేదానివి. ఎవరా డాక్టరు?"

సుంకమ్మ పెదవులు కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"డాక్టరు కాదు," అంది. "మా వంటాయన."