ఓడిపోయే చెయ్యి

ఆఫీసు నుంచి అలిసి వచ్చి కాసేపు బేస్‌బాల్ వీడియో గేమ్ ఆడుకునే దూరదేశాల వాళ్ళకు యంత్రం మీద గెలిస్తే సరదా లేదట. ప్రాణమున్న మనిషి ఓడిపోవాలట. అందుకే పొలం పనులు పోయాక ఊళ్ళో ఆడవాళ్ళంతా షెడ్డులో నిలబడి, ఆ ఆట కనిపించే కళ్ళజోళ్ళు తగిలించుకుని, గాలిలోకి లేని బంతులు విసురుతూ రోజంతా కూలికి ఓడిపోతున్నారు. కావాలని ఓడినట్టు తెలియకుండా ఓడడంలో, ఓడిన ప్రతిసారీ గెలిచినవాళ్ళని నవ్వుతూ మెచ్చుకోవడంలో వరహాలు తర్వాతే ఎవరైనా.

ఆమె కూతురు దమయంతికి తెల్లవారితే జిల్లా బేస్‌బాల్ జట్టు ఎంపిక. అక్కడ నిజం బంతి, నిజం బ్యాటు. ఎంపికైతే పట్నం హాస్టల్లో చదువు, లేకపోతే తనూ ఆ షెడ్డుకే. అందుకే తల్లిని పెరట్లోకి లాక్కొచ్చి బంతులు వెయ్యమంది. మొదటి బంతి గోడ దాటించింది. తర్వాతవీ అంతే. దమయంతి బ్యాటు దించేసింది.

"షెడ్డులో ఆ దూరదేశం బాబుల్ని గెలిపించినట్టు నన్నూ గెలిపిస్తన్నావేటే అమ్మా? రేపక్కడ ఎవులైనా ఇలాగేస్తారేటి? నాను కొట్టలేనట్టు ఎయ్యి."

"అలాగెయ్యాలనే చూస్తన్నానే తల్లీ!"

వరహాలు పళ్ళు బిగించి, ఉన్న బలమంతా కూడదీసుకుని విసిరింది. బంతి వదిలే క్షణంలో మణికట్టు మెత్తబడిపోయింది. బంతి తేలుతూ వచ్చి బ్యాటుకు అందింది. ఏడుపు ఆపుకుంటూ దమయంతి దాన్ని బలంగా కొట్టింది.

వరహాలు ముఖం దానంతటదే విప్పారింది.

"అబ్బ! ఎంత బాగా కొట్టారండీ!" అంది, కన్నకూతురితో.