మోకాలి మాత్ర

“కిడ్నీలు సగం పోయిన మనిషికి ఈ నొప్పి మాత్రలు రాసిస్తారా? మీరసలు డాక్టరేనా?” అంటూ కూతురు మాత్రల అట్టను ఎముకల డాక్టరు బల్లమీదికి విసిరికొట్టింది.

“కిడ్నీ జబ్బా? ఇంకే రోగమైనా ఉందా అనడిగితే లేదన్నారే!”

పక్క కుర్చీలో తండ్రి తల దించుకున్నాడు. ఆ దొంగవాలకం చూసి ఆమెకు కంపరమెత్తింది.

“ఛీ! ఎందుకు దాచావు నాన్నా?”

“చెబితే ఈయనా ఇవ్వడు కదమ్మా. కిడ్నీ డాక్టరేమో మోకాలు తన పని కాదన్నాడు.”

“నాకైనా చెప్పి ఏడవొచ్చుగా! రేపు డయాలసిస్ దాకా వస్తే?”

“చెప్పాను తల్లీ. వయసన్నాక నొప్పులుండవా అన్నావు.”

ఆ రోత ఇప్పుడు ఆమెకు తన మీదే కలిగింది. వంగి, ఆయన పైజామాను పైకి మడిచింది. మోకాలు కుండలా వాచి ఉంది. ఒకే ఇంట్లో ఉంటూ ఆమె దాన్ని చూడడం అదే మొదటిసారి.