థాంక్స్‌గివింగ్ దాకా మంచు పడదు

కారు బానెట్ మీద ఎండబెట్టిన సగ్గుబియ్యం వడియాల మీద ఎవరిదో నీడ పడింది.

కిటికీలోంచి చూసిన రాధారాణి పాపను చంకనేసుకుని బయటికి ఉరికింది.

ఎవరో ముసలాయన. మాసిన టోపీ. కారు ముందు మోకాళ్ల మీద కూర్చుని, బంపరు కింద వేలాడుతున్న వైరు పట్టుకుని చూస్తున్నాడు.

"హేయ్! వాట్ డూయింగ్? మై కార్!"

ఆయన తాపీగా లేచి టోపీ తీశాడు. పేరు ఆర్విడ్ అని చెప్పాడు. తర్వాత ఒక్కో మాటే, ఆమెకు అర్థమయ్యేలా నిదానంగా అన్నాడు.

"రోజూ ఈ వైరు కరెంటు ప్లగ్‌లో పెట్టి ఉంచండి మేడమ్. ఇంజను వెచ్చగా ఉంటుంది. పది రోజుల్లో మంచు తుపాను."

"నో! రేడియో సేస్, నో స్నో!"

"రేడియో తప్పు చెప్పింది."

"రేడియో రాంగ్, యూ రైట్?"

"అవును, మేడమ్."

రాధారాణికి ఒళ్లు మండిపోయింది.

ఆమెను ఏడో క్లాసులోనే బడి మానిపించారు. నార్త్ డకోటాలోని ఈ చిన్న ఊరికి వచ్చి రెండేళ్లు. భర్త జగన్మోహన్ బొగ్గు ప్లాంటులో ఇంజనీరు. ఆయన డ్యూటీకి వెళ్లాక పొద్దస్తమానం రేడియో పెట్టుకుని, వాతావరణం వార్తలు విని విని ఇంగ్లీషు నేర్చుకుంది. మొన్న సెప్టెంబరులో, జీవితంలో మొదటిసారి, ఒక ప్రోగ్రాం మొదటినుంచి చివరిదాకా అర్థమైంది. ఈ ఏడు చలి ఆలస్యం, నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ దాకా మంచు పడదు అని చెప్పారు. ఆ ధీమాతోనే అక్టోబరులో వడియాలు పెట్టింది.

అది తప్పంటాడా ఈయన!

"గో!" అని వీధివైపు చెయ్యి చూపించింది.

ఆయన కదల్లేదు. పాప గొంతులో పిల్లికూతలు వింటున్నాడు.

"ఆయాసమా?"

"నాట్ యువర్ బిజినెస్!"

సాయంత్రం సంగతి విని జగన్మోహన్ తల గోక్కున్నాడు.

"పెద్దాయన మన మంచికే చెప్పాడేమోనే."

"అంటే నాకు అర్థం కాలేదంటారా?"

"అబ్బే, అలా అనలేదు."

"మీ ఫ్రెండ్సందరూ నా ఇంగ్లీషు చూసి నవ్వేవాళ్లే. ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా అర్థం చేసుకున్నానండీ. అదీ తప్పేనా?"

"ఎందుకే అంత పంతం?"

"పంతమే! ఆ వైరు ఎవరు ముట్టుకున్నా ఊరుకోను."

రెండ్రోజుల తర్వాత చూస్తే, వాకిలి పక్క ప్లగ్ నుంచి కారు దాకా నారింజ రంగు వైరు పాకి ఉంది.

పీకి చుట్టచుట్టి వీధిలోకి విసిరేసింది.

మర్నాటికి మళ్లీ ఉంది. మళ్లీ పీకింది.

పక్కింటి కేరొల్ పకపకా నవ్వింది. "ఊళ్లో ఒక్క గడప వదలకుండా తిరుగుతున్నాడు. మా ఇంట్లోనూ తలుపేసేశాం."

"చూశారా?" అంది రాధారాణి భర్తతో. "నేనొక్కదాన్నే కాదు."

నెలాఖరున తుపాను వచ్చింది.

రెండు రోజులు కిటికీల్లో తెల్లటి గోడ తప్ప మరేం కనిపించలేదు. జగన్మోహన్ ప్లాంటులోనే చిక్కుకుపోయాడు.

మూడో రోజు పొద్దున గాలి ఆగింది. మంచు తోసే బండి రోడ్డు మీదుగా వెళ్లింది. ముక్కులో ఊపిరి గడ్డకట్టే చలి.

పాప పెదాలు నీలంగా మారాయి.

ఫోన్ చేస్తే, అంబులెన్సు రావడానికి గంటన్నర అన్నారు. ఆసుపత్రి ముప్పై మైళ్లు.

కేరొల్ పరుగున వెళ్లి తన కారు తాళం తిప్పింది. కారు మూలిగి ఊరుకుంది. ఎదురింటి కారూ అంతే.

"నీదీ స్టార్ట్ అవదు, రాధా!"

"ఎందుకవదు? అయ్యేదాకా వదల్ను!"

పాపను వెనక సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టి, పళ్లు బిగించి తాళం తిప్పింది.

ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

దిగి చూసింది. మంచు కింద నుంచి నారింజ రంగు వైరు తొంగి చూస్తోంది.

ప్లగ్ పీకి కారెక్కింది. ముప్పై మైళ్లూ వెనక్కి తిరిగి చూడకుండా నడిపింది. మధ్యాహ్నానికి ఆసుపత్రిలో, ముక్కు మీది మాస్కులోంచి పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే రాధారాణి కుర్చీలో కూలబడింది.

వారం తర్వాత డబ్బా నిండా సున్నుండలు కట్టి కేరొల్ ఇంటి తలుపు కొట్టింది.

"ఆర్విడ్ ఇల్లెక్కడ?"

కేరొల్ ఆమె చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టింది.

"నిన్ననే పూడ్చారు, రాధా. తుపాను మొదలయ్యాక కూడా వీధి వీధీ తిరిగి, పీకేసిన వైర్లు చేతనైనన్ని మళ్లీ పెట్టాడట. న్యుమోనియా."

రాధారాణి డబ్బాను ఒళ్లో అదిమిపట్టుకుంది.

"వెళ్లగొట్టాను ఆయన్ని. రేడియో మాటే నమ్మాను. నాకు ముక్క ముక్కా అర్థమైంది, కేరొల్."

"తెలుసు. ఆ మాట తప్పు, దిద్ది చదవండని రేడియో వాళ్ల కాళ్లావేళ్లా పడ్డాడు. వాళ్లు వినలేదు. అందుకే ఇల్లిల్లూ తిరిగాడు."

"రేడియో తప్పుకి ఆయన తిరగడమెందుకు?"

కేరొల్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"సెప్టెంబరులో నీకు ముక్క ముక్కా అర్థమైన ఆ మాటలు రేడియోకి రాసిచ్చింది ఆర్విడే, రాధా."